చేతికి పిండికట్టు వేశాక

మణికట్టు దగ్గర ఎముక విరిగితే వేసే పిండికట్టు పది నిమిషాల్లో గట్టిపడుతుంది. కానీ లోపలి తేమ ఆరడానికి ఒకటి రెండు రోజులు, కాలి కట్టయితే మూడు రోజుల దాకా పడుతుంది. ఈలోగా వేళ్లతో పట్టి ఎత్తితే సొట్టలు పడి, అవి చర్మాన్ని నొక్కి పుండు చేస్తాయి. అరచేతులతో ఎత్తి మెత్తటి దిండు మీద ఆనించాలి. దుప్పటి కప్పకుండా ఫ్యాను గాలికి ఆరనివ్వాలి. ఫైబర్ కట్టుకైతే ఇంత తంటా లేదు.

అసలు సంగతి వాపు. మొదటి రెండు మూడు రోజులు అది పెరుగుతుంది, కట్టేమో సాగదు. ఆ చేతి ఉంగరాలు, గాజులు వెంటనే తీసేయాలి. పడుకున్నప్పుడు చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉండేలా కింద దిండ్లు పెట్టాలి. మెడకు వేలాడదీసే పట్టీలో అరచెయ్యి మోచేతికి పైనే ఉండాలి. చాలామందికి కిందికి జారిపోయి ఉంటుంది. గంటకోసారి వేళ్లు ముడిచి చాచాలి. చూడటానికొచ్చిన ప్రతివాళ్లూ "కదపకు" అంటారు గానీ, ఆ మాట విరిగిన చోటికే. వేళ్లనీ భుజాన్నీ వదిలేస్తే బిగుసుకుపోతాయి.

గోరు నొక్కి వదిలితే రెండు సెకన్లలో మళ్లీ ఎర్రబడాలి. అయితే గోరు బాగుందని నొప్పిని తేలిగ్గా తీసుకోకూడదు. మాత్ర వేసుకున్నా పెరిగే నొప్పి, వేళ్లను ఎవరైనా చాచితే ప్రాణం పోయేంత బాధ, తిమ్మిరి, వేళ్లు చల్లబడటం, నీలంగా మారడం: వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు. లోపలి ఒత్తిడికి రక్తం అందక కొన్ని గంటల్లోనే కండ చచ్చుబడుతుంది. ఆసుపత్రిలో కట్టునీ కింది దూదినీ చర్మం కనబడేదాకా చీల్చించుకోవాలి. అక్కడికి వెళ్లే దారిలో మాత్రం, మామూలు వాపుకి చేసినట్టు కాకుండా, చెయ్యి గుండెకి సమానమైన ఎత్తులోనే ఉంచాలి, ఇంకా పైకి లేపకూడదు.

దురదకి చీపురుపుల్ల, స్కేలు దూర్చొద్దు. గీరుకుంటే లోపల చీము పడుతుంది. చెడు వాసన వస్తే అదే అనుమానించాలి. పౌడరు కూడా ఉండకట్టి ఒరుసుకుంటుంది. కట్టు మీద మెల్లగా తట్టడం, హెయిర్ డ్రయ్యర్‌తో చల్లగాలి పెట్టడం మంచిది. స్నానానికి పాలిథిన్ కవరు తొడిగి పైన టేపు వేసినా, చెయ్యి నీళ్లకు దూరంగానే పెట్టాలి.

వారం పది రోజులకు వాపు తీసి కట్టు వదులవుతుంది. అప్పుడే ఎముక జరిగే ప్రమాదం ఉంది కాబట్టి, నొప్పి లేకపోయినా డాక్టరు చెప్పిన ఎక్స్‌రే మానొద్దు. పెద్దవాళ్లకు సాధారణంగా అయిదారు వారాలకు విప్పుతారు. కోసే రంపం తిరగదు, అదురుతుందంతే. వేడి తగిలితే చెప్పాలి. విప్పాక చర్మం పొట్టు రేగుతుంది, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి కొబ్బరినూనె రాస్తే చాలు. అతికిన చోట గట్టిగా మాలిష్ చేయించొద్దు.