మహా మాంద్యం ప్రశ్నకు నేను మూడుసార్లు రాసిన జవాబు

2013 సివిల్స్ మెయిన్స్ జీఎస్-1 (జనరల్ స్టడీస్ మొదటి పేపర్)లో ఒక ప్రశ్న వచ్చింది, ఆర్థిక మహా మాంద్యాన్ని, అంటే 1929 తర్వాత ప్రపంచమంతా వ్యాపారాలూ ఉద్యోగాలూ కూలిపోయిన కాలాన్ని, అదుపు చేయడానికి ఏ విధాన సాధనాలు వాడారు అని. పాత పేపర్లు తిరగేసిన వాళ్లందరూ చూసే ఉంటారు. ఆ ఒక్క ప్రశ్నను నేను మూడుసార్లు రాశాను, మూడోసారికి గానీ నాకు నచ్చిన జవాబు రాలేదు. వరల్డ్ హిస్టరీ అంటే టెన్షన్ పడే ఫ్రెండ్స్ కోసం, ముఖ్యంగా నాలాగా తెలుగు మీడియంలో రాస్తున్న వాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మొదటిసారి టెస్ట్ సిరీస్‌లో రాశాను. నోట్స్‌లో ఉన్న కారణాలన్నీ దించేశాను. షేర్ మార్కెట్ పతనం, అధికోత్పత్తి, ఆదాయ అసమానతలు, సుంకాలు, ఇలా పేజీ నిండింది. చివర్లో రెండు లైన్లు, అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ మాంద్యం నుంచి బయటపడేందుకు న్యూ డీల్ అనే కార్యక్రమాలు తెచ్చాడని. పదికి రెండున్నర వచ్చింది. షేర్ మార్కెట్ కూలడం వల్ల మాంద్యం వచ్చింది అని రాసిన వాక్యం పక్కన, పేపర్ దిద్దిన సార్ ఎర్ర పెన్నుతో ఒక్కటే మాట రాశారు: "ఎలా?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. నిజంగా లేదు. 1929 అక్టోబర్ 24, మళ్లీ 29న న్యూయార్క్‌లో షేర్లు కుప్పకూలాయని తెలుసు. కానీ అమెరికాలో షేర్లు కొన్నవాళ్లు జనాభాలో కొద్దిమందే, మరి ఎక్కడో అయోవాలో మొక్కజొన్న వేసుకునే రైతు ఎందుకు మునిగిపోయాడు? 1933 నాటికి ప్రతి నలుగురు కార్మికుల్లో ఒకరికి పని లేకుండా ఎందుకు పోయింది?

మధ్యలో ఉన్న లింకు బ్యాంకులు. నేను చదివిన నోట్స్‌లో బ్యాంకుల గురించి ఒక్క లైనే ఉంది, అసలు కథంతా అక్కడే ఉంది. అప్పట్లో అమెరికాలో వేలకొద్దీ చిన్న చిన్న బ్యాంకులు ఉండేవి, చాలావాటికి ఒకటే ఆఫీసు, డిపాజిట్లకు దేశం మొత్తానికీ వర్తించే బీమా లేదు. ఊళ్లో పంట ధర పడితే ఆ ఊరి బ్యాంకూ పడేది. ఒక బ్యాంకు మూతపడిందని తెలిస్తే పక్క ఊరి జనం తమ బ్యాంకు ముందు క్యూ కట్టేవారు. అందరూ ఒకేసారి అడిగితే ఏ బ్యాంకూ ఇవ్వలేదు. అందుకని బ్యాంకులు ఇచ్చిన అప్పులు వెనక్కి లాక్కున్నాయి, కొత్త అప్పులు ఆపేశాయి. 1930 నుంచి 1933 లోపు దాదాపు 9,000 బ్యాంకులు మూతపడ్డాయి, దేశంలో ద్రవ్య సరఫరా, అంటే చలామణిలో ఉన్న మొత్తం డబ్బు, దాదాపు మూడో వంతు తగ్గిపోయింది. చేతిలో డబ్బు లేకపోతే కొనేవాడు ఉండడు, కొనేవాడు లేకపోతే ధర పడుతుంది, ధర పడితే ఫ్యాక్టరీ మూతపడుతుంది.

ఇక్కడ అప్పు సంగతి బాగా పట్టుకోండి. నాకు అర్థం కావడానికి నోట్‌బుక్‌లో వడ్ల లెక్క వేసుకున్నాను. రైతుకు వంద రూపాయల అప్పు ఉంది, బస్తా పది రూపాయలు అనుకుందాం. పది బస్తాలు అమ్మితే అప్పు తీరిపోతుంది. ధర ఐదుకు పడింది. అప్పు మాత్రం వందే, ఇప్పుడు ఇరవై బస్తాలు కావాలి. ఒక్క పైసా కొత్తగా తీసుకోకుండానే అప్పు రెట్టింపయింది. ప్రతిద్రవ్యోల్బణం (ధరలు వరసగా పడిపోవడం) అనే పెద్ద పదం వెనక ఉన్నది ఇదే. ఈ లెక్క వేసుకున్న రోజు రాత్రి ఆ చాప్టర్ మొత్తం మళ్లీ చదివితే కొత్తగా అనిపించింది.

ఇది అర్థమయ్యాక సాధనాలను బట్టీ పట్టాల్సిన పని లేదు. తెగిన ప్రతి లింకుకూ ఒక సాధనం కనిపిస్తుంది.

ముందు ఒక మాట, రూజ్‌వెల్ట్‌కు ముందు అధ్యక్షుడిగా ఉన్న హూవర్ ఏమీ చేయలేదని రాయకండి, అది తప్పు. 1932లో బ్యాంకులకూ రైల్వేలకూ అప్పులిచ్చే పునర్నిర్మాణ ఆర్థిక సంస్థను పెట్టింది ఆయనే. కానీ అదే ఏడాది పన్నులు పెంచారు. అంతకుముందు 1930లో, వెయ్యి మందికి పైగా ఆర్థికవేత్తలు వద్దని సంతకాలు పెట్టి చెప్పినా దిగుమతుల మీద పన్నులు పెంచే స్మూట్-హాలీ సుంకాల చట్టం మీద సంతకం చేశారు. 1931 సెప్టెంబర్‌లో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని (కరెన్సీ విలువను ఇంత బంగారం అని కట్టేసే పద్ధతిని) వదిలేస్తే, అమెరికా కేంద్ర బ్యాంకు తన బంగారం బయటికి పోకుండా వడ్డీ రేటు పెంచింది, అదీ బ్యాంకులు కూలుతున్న సమయంలో. అంటే సాధనాలు ఉన్నాయి గానీ చాలావరకు వ్యతిరేక దిశలో వాడారు. ఈ వాక్యం జవాబులో రాస్తే బరువు వస్తుంది.

ఇక 1933 మార్చి 4 నుంచి 13 వరకు, ఆ పది రోజులు. ఈ భాగం నాకు చాలా ఇష్టం. 4న రూజ్‌వెల్ట్ ప్రమాణ స్వీకారం. 6న దేశంలోని బ్యాంకులన్నిటికీ సెలవు. 9న అత్యవసర బ్యాంకింగ్ చట్టం. 12వ తేదీ ఆదివారం రాత్రి ఆయన రేడియోలో మాట్లాడి, బ్యాంకు మీ డబ్బుతో ఏం చేస్తుందో, ఎందుకు మూశామో, ఏవి తెరుస్తామో మామూలు మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పారు. 13న బ్యాంకులు తెరిచేసరికి మళ్లీ జనం బారులు తీరారు, ఈసారి ఇంట్లో దాచిన డబ్బు తిరిగి వేయడానికి. ఆ ఏడాదే డిపాజిట్ బీమా చట్టం కూడా వచ్చింది. మన దగ్గర ఈరోజు బ్యాంకు డిపాజిట్‌కు 5 లక్షల వరకు ఉన్న బీమా కూడా ఇదే ఆలోచన.

తర్వాతవి వేగంగా చెప్తాను. బంగారం ధర ఔన్సు 20.67 డాలర్ల నుంచి 1934లో 35 డాలర్లకు మార్చారు, అంటే డాలర్ విలువ తగ్గించి ధరలు పైకి లేపే ప్రయత్నం. నది మీద ఆనకట్టలు కట్టి కరెంటు ఇచ్చే టెన్నెసీ వ్యాలీ అథారిటీ పెట్టారు, మన దామోదర్ వ్యాలీ ప్రాజెక్టుకు నమూనా అదే. 1935లో నిరుద్యోగులకు ప్రభుత్వ పనులు ఇచ్చే డబ్ల్యూపీఏ సంస్థ, కార్మిక సంఘాల హక్కుకు వాగ్నర్ చట్టం, పింఛన్లకు సోషల్ సెక్యూరిటీ.

వ్యవసాయ సర్దుబాటు చట్టం దగ్గర మాత్రం ఆగండి. ధర పెంచడానికి పంట తగ్గించమని రైతులకు డబ్బిచ్చారు. ఎదిగిన పత్తి చేలు దున్నేశారు, దాదాపు 60 లక్షల పందులను చంపించారు, అటు నగరాల్లో జనం రొట్టె కోసం లైన్లలో నిలబడి ఉన్నారు. ఆ డబ్బు ఎక్కువగా భూస్వామికే అందింది. దక్షిణాదిలో భాగానికి సాగు చేసుకునే కౌలుదారులు, వాళ్లలో ఎందరో నల్లజాతివాళ్లు, భూమి నుంచి వెళ్లిపోవాల్సి వచ్చింది. సోషల్ సెక్యూరిటీలో కూడా మొదట వ్యవసాయ కూలీలను, ఇళ్లలో పనిచేసేవాళ్లను చేర్చలేదు. న్యూ డీల్‌ను పొగడటానికి మాత్రమే పేజీ ఖర్చు పెట్టేవాళ్లు ఈ మనుషులను వదిలేస్తున్నారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. పైగా 1937లో ఖర్చు తగ్గించగానే ఆర్థిక వ్యవస్థ మళ్లీ కిందికి జారింది, నిరుద్యోగం పూర్తిగా తగ్గింది రెండో ప్రపంచ యుద్ధ ఉత్పత్తితోనే.

రెండోసారి ఇదంతా రాసి ఐదు మార్కులు తెచ్చుకున్నాను. కానీ ప్రశ్నలో అమెరికా అనే మాటే లేదని తర్వాత గమనించాను. జపాన్‌లో ఆర్థిక మంత్రి తకహాషి కొరెకియో 1931 డిసెంబర్‌లోనే బంగారు ప్రమాణం వదిలి ప్రభుత్వ ఖర్చు పెంచారు, జపాన్ త్వరగా కోలుకుంది. జర్మనీలో ప్రభుత్వాధినేత బ్రూనింగ్ ఖర్చులు కోస్తూ పోయారు, 1932లో నిరుద్యోగులు 60 లక్షలకు చేరారు, ఆ తర్వాత హిట్లర్ వచ్చిన సంగతి తెలిసిందే.

మరి మన దేశం? బ్రిటిష్ ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించకుండా బ్రిటిష్ డబ్బులో 1 షిల్లింగ్ 6 పెన్నీల దగ్గరే ఉంచింది, పన్నుల వసూళ్లూ ఆపలేదు. 1928 నుంచి 1934 మధ్య గోధుమ ధర సగానికి పడింది. అప్పులు తీర్చడానికి జనం ఒంటి మీది బంగారం అమ్ముకున్నారు, ఆ బంగారం ఓడల్లో లండన్ వెళ్లింది.

మాది శ్రీకాకుళం వైపు. మా నాయనమ్మ "రంగం పోయినోళ్లు" అనే మాట ఎప్పుడూ అనేది, రంగం అంటే బర్మాలోని రంగూన్ అని నాకు పెద్దయ్యాక తెలిసింది. 1930 మేలో రంగూన్ ఓడరేవులో తెలుగు కూలీలు సమ్మె చేస్తే వాళ్ల స్థానంలో బర్మా వాళ్లను పెట్టుకున్నారు, సమ్మె ముగిశాక తెలుగు వాళ్లను వెనక్కి తీసుకోవడంతో గొడవలు రేగి ఎందరో తెలుగువాళ్లు చనిపోయారు. పని కరువైన చోట పేదవాడు పేదవాడి మీదే పడ్డాడు. 1938లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు రైతులు పాదయాత్రగా వెళ్లారు. అదే ఏడాది రాజాజీ ప్రభుత్వం మద్రాసు వ్యవసాయదారుల రుణ విముక్తి చట్టం తెచ్చి పాత అప్పుల మీద పేరుకున్న వడ్డీ భారం తగ్గించింది. వడ్ల లెక్కకు మన ప్రాంతంలో దొరికిన విధాన సాధనం ఇది, ఆలస్యంగా వచ్చినా సరే.

మూడోసారి జవాబులో కారణాలకు మూడే వాక్యాలు ఇచ్చాను. తర్వాత బ్యాంకులు, ద్రవ్యం, ప్రభుత్వ ఖర్చు, అప్పుల ఊరట అని నాలుగు పేరాలు, చివర మద్రాసు చట్టం. ఈ ఆదివారం టైమర్ పెట్టుకుని మీరూ రాయండి. షేర్ మార్కెట్‌తో కాకుండా బ్యాంకు ముందు క్యూతో మొదలుపెట్టి చూడండి.