పాత ప్లాంటు స్థలం ఉంది సరే, గ్యాస్ ఎక్కడిది?

మూసేసిన బొగ్గు ప్లాంటు స్థలంలో కొత్తగా గ్యాస్ ప్లాంటు కట్టడం అమెరికాలో ఇప్పుడు బాగా నడుస్తోంది. పెన్సిల్వేనియాలో హోమర్ సిటీ అని పెద్ద బొగ్గు ప్లాంటు ఒకటి ఉండేది. 2023లో మూసేశారు, 2025 మార్చిలో చిమ్నీలు పేల్చి పడగొట్టారు, మరుసటి నెలలోనే అదే చోట డేటా సెంటర్ల కోసం 4,000 మెగావాట్లకు పైగా గ్యాస్ ప్లాంటు కడతామని ప్రకటించారు. నాతో పాటు థర్మల్‌లో పనిచేసిన ఒకాయన ఈ సంగతి చెబుతూ, "మన ఇబ్రహీంపట్నంలో కూడా పాత యూనిట్లు ఆపేశాక ఇదే చేయొచ్చు కదండీ" అన్నారు. చేయొచ్చా అంటే చేయొచ్చు. కానీ మన విజయవాడ పక్కన ఏం జరిగిందో చూసినవాళ్లం, అంత తేలిగ్గా తలూపలేం.

నార్ల తాతారావు గారి పేరు పెట్టిన మన థర్మల్ స్టేషన్లో (ఎవరూ ఆ పేరుతో పిలవరు, అందరికీ వీటీపీఎస్సే) మొదటి యూనిట్ 1979లో, రెండోది 1980లో వచ్చాయి, ఆరోది వచ్చేసరికి 1995 అయింది. ఈ ఆరూ 210 మెగావాట్ల సెట్లే. ఆ తర్వాత 500 మెగావాట్లతో ఏడోది, 800తో ఎనిమిదోది కట్టారు. ఆ రెండింటికీ ఇంకా చాలా జీవితం ఉంది. మొదట్లో కట్టినవాటికి మాత్రం ఎన్నిసార్లు మరమ్మతులు చేసి వయసు పొడిగించినా ఏదో ఒకరోజు ఆపక తప్పదు, కాబట్టి ఆ స్థలం ఏం చేయాలన్న ప్రశ్న ఎప్పటికైనా వచ్చేదే.

పాత ప్లాంటులో ఖరీదైనది బాయిలరూ టర్బైనూ అనుకుంటారు చాలామంది. మూసేశాక అవి చాలావరకు తుక్కు కిందే లెక్క. అసలు విలువంతా స్విచ్‌యార్డుది (ప్లాంటు కరెంటును పెద్ద లైన్లకి కలిపే చోటు), అక్కడి నుంచి బయల్దేరే లైన్లది. ఈ రోజుల్లో కృష్ణా జిల్లాలోనో గుంటూరు జిల్లాలోనో కొత్తగా ఒక హైటెన్షన్ లైను లాగాలంటే ఎన్ని పొలాల్లోంచి టవర్లు వేయాలి, ఎంతమంది రైతులతో నష్టపరిహారం మాట్లాడాలి, ఎన్ని కోర్టు కేసులు చూడాలి! పాత ప్లాంటుకి అవన్నీ నలభై ఏళ్ల క్రితమే అయిపోయాయి. రెండోది నీళ్లు. బ్యారేజీకి ఎగువన, కృష్ణ ఒడ్డున ఉన్న ఇలాంటి స్థలం మళ్లీ కావాలన్నా దొరకదు. పైగా కంబైన్డ్ సైకిల్ గ్యాస్ ప్లాంటులో (అంటే గ్యాస్ టర్బైన్, దాని వేడితో నడిచే ఆవిరి టర్బైన్ రెండూ ఉండేది) మూడింట రెండు వంతుల కరెంటు గ్యాస్ టర్బైన్ నుంచే వస్తుంది, ఆవిరి మీద నడిచేది మిగతా మూడో వంతే, అందుకని అదే మెగావాట్లకు బొగ్గు ప్లాంటు కంటే నీళ్లు చాలా తక్కువ సరిపోతాయి.

గ్యాస్ ప్లాంటు మంచిదే, అందులో నాకు అనుమానం లేదు. టర్బైన్ నుంచి బయటికొచ్చే పొగే దాదాపు 600 డిగ్రీల వేడి మీద ఉంటుంది, ఆ వేడితో ఆవిరి పుట్టించి ఇంకో టర్బైన్ తిప్పుతారు, అలా ఇంధనంలో ఉన్న శక్తిలో 55 నుంచి 60 శాతం దాకా కరెంటుగా మారుతుంది. మన పాత 210 సెట్లలో అది 35 శాతం దాటితే గొప్ప. బూడిద ఉండదు. ఇబ్రహీంపట్నంలో డాబా మీద బట్టలు ఆరేసి సాయంత్రం బూడిద దులిపి మడతపెట్టుకున్న ఇళ్లవాళ్లకి ఈ ఒక్క మాట విలువ ఏమిటో తెలుసు. అయితే ఇన్నేళ్ల బూడిద చెరువులు మాత్రం ప్లాంటు మారినంత మాత్రాన ఎక్కడికీ పోవు. అమెరికాలోనే టెన్నెసీ రాష్ట్రంలోని కింగ్‌స్టన్ ప్లాంటులో 2008 డిసెంబర్‌లో బూడిద చెరువు గట్టు తెగి, నదిని శుభ్రం చేయడానికి ఏళ్లు పట్టింది. కొత్త ప్లాంటు ప్లానులో పాత బూడిద సంగతి మొదటి పేజీల్లోనే ఉండాలి.

ఇక అసలు సమస్య గ్యాస్. వీటీపీఎస్ నుంచి కాస్త దూరం వెళితే కొండపల్లి. అక్కడ 2000 నాటికే గ్యాస్ ప్లాంటు వచ్చింది, నడిచింది కూడా. 2009 ఏప్రిల్‌లో కేజీ డీ6 (కృష్ణా గోదావరి తీరంలో, సముద్రంలో ఉన్న గ్యాస్ క్షేత్రం) నుంచి గ్యాస్ మొదలైంది, 2010లో రోజుకి 60 మిలియన్ ఘనపు మీటర్లు దాటింది, ఇంకా పెరుగుతుందన్నారు. ఆ నమ్మకంతో రాష్ట్రమంతా ప్లాంట్లు కట్టారు, కొండపల్లిలోనూ 740 మెగావాట్ల మేర మూడో దశ కట్టారు. అది పూర్తయ్యేసరికి సముద్రంలో గ్యాస్ పడిపోయింది. ఉన్న కాస్త గ్యాసూ ముందు ఎరువుల ఫ్యాక్టరీలకి, ఇళ్లకి ఇవ్వాలన్నారు, 2013 నుంచి కరెంటు ప్లాంట్లకి డీ6 గ్యాస్ సున్నా అయింది. దేశం మొత్తం మీద ఇలా గ్యాస్ లేక నిలిచిపోయినవి 14,000 మెగావాట్లకు పైనే. సిలిండర్ రాకముందే వేల కోట్ల పొయ్యి కొని పెట్టుకున్నట్టయింది.

ఆగిపోయిన ప్లాంటు ఊరికే పడి ఉండదు, దానికీ ఖర్చుంటుంది. అలాంటిచోట పనిచేసిన ఒకబ్బాయి చెప్పేవాడు. బరువుకి రోటర్ వంగకుండా దాన్ని అప్పుడప్పుడు బ్యారింగ్ గేర్ మీద మెల్లగా తిప్పాలి, బాయిలర్ గొట్టాలకి తుప్పు పట్టకుండా లోపల నైట్రోజన్ నింపి ఉంచాలి, టర్బైన్లోకి తేమ చేరకుండా పొడిగాలి పంపాలి, రోజూ ప్రెషర్ చూసి లాగ్‌బుక్‌లో రాయాలి. ఒక్క యూనిట్ కరెంటు రాదు, షిఫ్టులు మాత్రం నడుస్తాయి. జీతాలు సరిగా రాక ఆ కుర్రాడు చివరికి గల్ఫ్ వెళ్లిపోయాడు. చదువుకుని ఊరి పక్కనే ఉద్యోగం దొరికిందని సంబరపడ్డ ఆ ఇల్లు గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

గ్యాస్ ఉన్నా, తెచ్చే గొట్టం సంగతి? 2014 జూన్ 27 తెల్లవారుజామున కోనసీమలోని నగరం అనే ఊళ్లో పేలిన పైపులైను తాటిపాక నుంచి మన కొండపల్లికి గ్యాస్ తెచ్చేదే. 20 మందికి పైగా చనిపోయారు, నిద్రలో ఉన్నవాళ్లు నిద్రలోనే. నీటి తేమ తీసేసిన గ్యాస్ వెళ్లాల్సిన లైనులో తడి గ్యాస్ వెళ్లి లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. విజయవాడ దగ్గర ప్లాంటు అంటే ఎక్కడో కోనసీమలో కొబ్బరితోట పక్కన ఇల్లున్న మనిషి కూడా ఆ ప్రాజెక్టులో భాగమే, వాళ్లని ఎవరూ అడగలేదు.

దేశీయ గ్యాస్ లేకపోతే దిగుమతి చేసుకుంటామంటారు. లెక్క చూడండి. ఓడల్లో ద్రవంగా వచ్చే గ్యాస్ (ఎల్ఎన్జీ) ధర మిలియన్ బీటీయూకి (గ్యాస్ కొలిచే లెక్క) 12 డాలర్లనుకుంటే, మంచి కంబైన్డ్ సైకిల్ ప్లాంటులో కూడా ఇంధనం ఖర్చే యూనిట్‌కి ఆరు రూపాయలు దాటుతుంది, ప్లాంటు అప్పూ వడ్డీ అదనం. 2022లో ఆసియా మార్కెట్లో అదే గ్యాస్ 50 డాలర్లు దాటిన రోజులున్నాయి. పగలు సోలార్ చౌకగా దొరుకుతుంటే ఇంత ధర పెట్టి ఎవరు కొంటారు? సాయంత్రం ఆరు తర్వాత, ఎండాకాలంలో ఏసీలన్నీ ఆన్ అయినప్పుడు, ఆ కొద్ది గంటలకే గ్యాస్ అవసరం. కానీ గ్యాస్ అమ్మేవాడు కొద్ది గంటలకి అమ్మడు, ఏడాదంతా తీసుకో, తీసుకోకపోయినా డబ్బు కట్టు అంటాడు. ఒప్పందాల్లో టేక్ ఆర్ పే అని ఉండేది ఇదే. ఈ ముడి విప్పకుండా ఎంత మంచి టర్బైన్ తెచ్చినా ఉపయోగం లేదు. పైగా ఇప్పుడు ఆర్డరిస్తే పెద్ద టర్బైన్లు చేతికి రావడానికే ఏళ్లు పడుతోంది, అందుకని ముందు అడ్వాన్స్ కట్టేసి గ్యాస్ సంగతి తర్వాత చూద్దామన్న ఒత్తిడి ఉంటుంది. కొండపల్లిలో తప్పిన వరస అదే.

నన్నడిగితే ఆ స్విచ్‌యార్డుకి ముందు బ్యాటరీలు తగిలించాలి, బొగ్గు యార్డు ఖాళీ అయితే వాటికి కావలసినంత చోటుంటుంది. సాయంత్రం మూడు నాలుగు గంటల అవసరం చాలావరకు వాటితోనే తీరుతుంది. అప్పటికీ చాలని మెగావాట్లకే, వానాకాలంలో ఎండా గాలీ రెండూ లేని రోజుల కోసం, చిన్న గ్యాస్ యూనిట్ ఆలోచించాలి, అది కూడా గ్యాస్ ఒప్పందం సంతకమయ్యాకే. ఎప్పుడైనా ఇబ్రహీంపట్నంలో దీని మీద ప్రజాభిప్రాయ సేకరణ పెడితే నేను వెళ్లి మూడు ప్రశ్నలు అడుగుతాను. గ్యాస్ ఎవరిస్తున్నారు, ఎన్నేళ్లకి, ఆ కాగితం చూపిస్తారా. ప్లాంటు నడవని రోజుల్లో స్థిర చార్జీలు మన కరెంటు బిల్లులో పడతాయా. బూడిద చెరువు బాధ్యత ఎవరి పేరు మీద రాస్తున్నారు. మీకు ఇంకేమైనా తోస్తే కింద రాయండి, అవి కూడా రాసుకుని తీసుకెళ్తాను.