బీరువా, తాడు, పలాస డ్రైవరు

అక్క వాళ్ళ సామాను పలాస నుంచి విజయనగరం తెచ్చాం. పికప్పు డ్రైవరు రోజూ జీడిపిక్కల బస్తాలు తోలే మనిషి. పరుపులు ముందు ఎక్కించబోతే, "ఆగండి బాబూ, బరువుది ముందు" అన్నాడు. బీరువాని, తలుపులు తెరుచుకోకుండా, క్యాబిన్ వైపు తిప్పి ఆనించాడు. బరువంతా వెనక పడితే ముందు చక్రాలు తేలిపోయి స్టీరింగు మాట వినదట.

ఇక తాడు కట్టడం చూడాలి! మధ్యలో ఒక మెలిక వేసి, కొసని కింది కొక్కేనికి తిప్పి, మళ్ళీ ఆ మెలికలోంచి దూర్చి, కాలు బాడీకి తన్నిపెట్టి లాగాడు. వేలితో మీటితే బొబ్బిలి వీణ తీగలా పలికింది. బీరువా అంచుల దగ్గర తాడు కోసుకుపోకుండా గోనెముక్కలు మడిచి పెట్టాడు. నాకైతే ఆ గోనెముక్కలే నచ్చాయి. టార్పాలిన్ ముందంచు గాలికి లేవకుండా సామాను కిందకి దోపాడు.

టెక్కలి దాటాక టీకి ఆపి, టీ కన్నా ముందు తాళ్ళు చూశాడు. కుదుపులకి సామాను సర్దుకుని రెండు వదులయ్యాయి. మళ్ళీ బిగించాడు. అక్క మాత్రం దారిపొడవునా ఫ్రిజ్ గురించే గొడవ.

నాతవలస దగ్గర హైవే దిగాక గోతుల్లో కూడా ఏదీ కదల్లేదు. నంబరు తీసుకున్నా. వచ్చే నెల బావ దివాన్‌కాట్ తేవాలి.