ఊళ్లో ఫిరంగికి అడ్డం పడేది మిద్దె నీడ

నెల్లూరు చిన్నబజారులో పొద్దు వాలే వేళ చూడండి, ఒక మిద్దె నీడ వీధి దాటి ఎదురు మిద్దె గోడెక్కి ఉంటుంది. మధ్యాహ్నం అదే నీడ గోడ మొదట్లో ముడుచుకుని పడుంటుంది. సూర్యుడి చోట ఫిరంగి షెల్‌ని పెట్టుకుంటే పట్టణ యుద్ధంలో ఆర్టిలరీ కష్టం సగం అర్థమైనట్టే.

హోవిట్జర్ అనే ఫిరంగితో తక్కువ కోణంలో కాలిస్తే షెల్ ఏటవాలుగా వస్తుంది. అప్పుడు మిద్దె ఎత్తుకు సుమారు ఐదింతల దూరం దాని వెనక దెబ్బ తగలని చోటుగా మిగులుతుందని అమెరికా సైన్యం మాన్యువళ్ల అంచనా. కోణం 45 డిగ్రీలు దాటిస్తే ఆ చోటు ఎత్తులో సగానికి తగ్గుతుంది. 12 మీటర్ల మిద్దెకి మొదటి లెక్కలో 60 మీటర్లు, రెండో లెక్కలో 6. ఎప్పుడూ ఎత్తు కోణంలోనే కాల్చే మోర్టార్‌కి ఊళ్లో అంత గిరాకీ అందుకే.

అయితే ఎత్తు కోణం ఊరికే రాదు. షెల్ ఎక్కువసేపు గాలిలో ఉంటుంది, పైగాలి పక్కకు నెడుతుంది, శత్రువు రాడార్‌కి తీరిగ్గా దొరుకుతుంది. ఇంకోటి, ఫిరంగి తప్పు పక్కలకంటే ముందూ వెనకలకే ఎక్కువ. కాల్పుల గీత వీధి వెంబడి ఉంటే తప్పిన షెల్ కూడా వీధిలోనే పడుతుంది. అడ్డంగా ఉంటే ఎవరి మిద్దె మీదో పడుతుంది.

షెల్‌ని పేల్చే ఫ్యూజ్ దగ్గర కూడా తిప్పలే. తగలగానే పేలేది పిట్టగోడకి తగిలి పైనే పేలిపోతుంది, కింది అంతస్తులో ఉన్నవాడికి ఏమీ కాదు. 0.05 సెకను ఆలస్యంగా పేలేది పెడితే కప్పు చీల్చుకుని లోపలికి దిగుతుంది. రేడియో తరంగాలతో ఎత్తు పసిగట్టే ప్రాక్సిమిటీ ఫ్యూజ్ పక్కనున్న ఎత్తయిన మేడని చూసి నేలనుకుని ముందే పేలొచ్చు.

సొంత సైనికులు లక్ష్యానికి 600 మీటర్ల లోపుంటే ఫిరంగికీ మోర్టార్‌కీ ‘డేంజర్ క్లోజ్’ (మనవాళ్లకే ప్రమాదమంత దగ్గర) అని ముందే చెప్పాలి. ఊళ్లో శత్రువు ఎదురింట్లోనే ఉంటాడు, అంటే ప్రతి కాల్పూ డేంజర్ క్లోజే! 1942లో స్టాలిన్‌గ్రాడ్‌లో సోవియట్ జనరల్ చుయికోవ్ కావాలనే తన మనుషుల్ని జర్మన్ల ఒళ్లోకి జరిపాడు, వాళ్ల విమానాలు బాంబులెయ్యడానికి జంకాలని. తన బరువు ఫిరంగుల్ని మాత్రం వోల్గా తూర్పు ఒడ్డునే ఉంచి, లక్ష్యాన్ని చూసి చెప్పే అబ్జర్వర్లని ఊళ్లో పెట్టాడు. నా దృష్టిలో అసలు తెలివి ఇక్కడుంది: ఫిరంగి ఎక్కడున్నా ఫరవాలేదు, కన్ను మాత్రం మిద్దె మీద ఉండాలి. చెవిని నమ్మితే మోసమే, గోడల మధ్య చప్పుడు ఏ సందులోంచి వచ్చిందో తేలదు.

ఊరంతా కూల్చేస్తే అడ్డు పోతుంది కదా అంటారు. 1944 ఫిబ్రవరి 15న ఇటలీలో మోంటే కాసినో మఠాన్ని మిత్రపక్షాలు బాంబులతో నేలమట్టం చేశాయి. ఆ శిథిలాల్లోకే జర్మన్ పారాట్రూపర్లు దిగి మే నెల దాకా కదల్లేదు. కూలిన గోడ నిలబడ్డ గోడకంటే మంచి చాటు, పైగా సొంత ట్యాంకుల దారి మూసేస్తుంది.

ఎక్స్‌కాలిబర్ లాంటి జీపీఎస్ షెల్ దాదాపు నిట్టనిలువుగా దిగుతుంది కాబట్టి నీడ బెడద బాగా తగ్గుతుంది. కానీ దానికిచ్చే లొకేషన్‌లో కప్పు ఎత్తు కూడా సరిగ్గా ఉండాలి. మ్యాప్ మీద నేల ఎత్తు చూసి ఇచ్చేస్తే షెల్ తన లెక్క తప్పకుండానే పక్కింటి కప్పుని పట్టుకోగలదు.