బండి మిస్సింగ్ కొడుతుంటే

హైవే మీద ఒంగోలు నుంచి నెల్లూరు దాకా సాఫీగా వచ్చిన పెట్రోలు కారు ఐడిల్‌లో (ఆగి ఉండి ఇంజన్ నడుస్తుండగా) మిస్సింగ్‌తో, అంటే ఏదో సిలిండరు సరిగా మండక, వణుకుతుంటే, చాలామంది పెట్రోలు కల్తీ అనేస్తారు. ముందు అనుమానించాల్సింది పెట్రోలుని మండించే నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గులనీ, వాటికి కరెంటు అందించే కాయిళ్లనీ.

బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. కాయిల్లో లావుతీగ చుట్టలో పారే ఆ కరెంటుని ఈసీయూ (ఇంజన్ని నడిపే కంప్యూటరు) ఠక్కున ఆపేస్తుంది. అయస్కాంత క్షేత్రం కుప్పకూలి, వేల చుట్లున్న సన్నతీగలో దాదాపు 20 వేల వోల్టులో, ఇంకా ఎక్కువో పుడతాయి. ప్లగ్గు మొనల మధ్య ఉన్న సుమారు మిల్లీమీటరు సందుని దూకేది అదే. మొన అరిగి సందు పెరిగేకొద్దీ కాయిలు మీద భారం. సీఎన్‌జీ బండికైతే మరీనూ.

బండి కంప్యూటరులోని లోపాల కోడ్లు చదివే స్కానర్‌లో పీ0302 వచ్చిందంటే మిస్సింగ్ రెండో సిలిండరులో. దాని కాయిలు మూడోదానికి మార్చండి. కోడు పీ0303 అయితే కాయిలు పోయినట్టే. మారకపోతే ప్లగ్గు విప్పి చూడండి: లేత గోధుమరంగు మంచిది, పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది, జిడ్డు నలుపైతే ఆయిలు లోపలికొస్తోంది.

కొత్తపట్నం, మైపాడు వైపు ఉప్పుగాలికి కనెక్టరు పిన్నులు పచ్చగా చిలుము పడతాయి. కొత్త కాయిలు కొనేముందు అవి శుభ్రం చేసి చూడండి, డబ్బులు మిగలొచ్చు. చీమకుర్తి బండ్లకి ప్లగ్గు గుంటలో గ్రానైటు దుమ్ము ఉంటుంది. గాలి కొట్టాకే విప్పాలి, అదీ ఇంజను చల్లారాక. కొత్త ప్లగ్గు ముందు చేత్తోనే తిప్పాలి. అల్యూమినియం హెడ్డులో మర చెడితే అది ప్లగ్గు ఖర్చుతో పోయేది కాదు.

చెక్ ఇంజన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం బండి ఆపేయండి. కాలని పెట్రోలు, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ని మాడ్చేస్తుంది.