కుడి కణత గోల

ఒంగోలులో రోళ్లు పగిలే ఎండలు మొదలైతే చాలు, నా కుడి కణత దగ్గర నరం టపటపా కొట్టుకుంటుంది. ఫోన్ వెలుతురు కూడా కళ్లలో పొడిచినట్టే ఉంటుంది. పక్కింట్లో చేపల పులుసు ఉడికితే ఇక వాంతే. (మామూలు రోజైతే గిన్నె పట్టుకుని వెళ్లేదాన్ని!)

అమ్మ శొంఠి అరగదీసి పట్టు వేసి, పనిలో పనిగా దిష్టి కూడా తీస్తుంది. అత్త సైనసే అంటుంది. డాక్టరుగారు అన్నీ అడిగి మైగ్రేన్ అని తేల్చారు. మందు వేసుకోకపోతే 4 నుంచి 72 గంటల దాకా ఉండొచ్చట. ఎండ, నిద్ర చాలకపోవడం, టిఫిన్ ఎగ్గొట్టడం, నెలసరి... ఇవన్నీ దాన్ని రేపుతాయట, నాకు అన్నీ వర్తిస్తాయి. అలాగని నొప్పి మాత్రలు తరచూ మింగినా వాటివల్లే తలనొప్పి వస్తుందట, అదొక తంటా.

ఒకపక్క నొప్పల్లా మైగ్రేన్ కాదు. మెడ పట్టేసినా, పన్ను పుచ్చినా అటువైపు తలకి పాకుతుంది. 50 దాటాక కొత్తగా కణత నొప్పి, నమిలితే దవడ నొప్పి వస్తే మాత్రం చూపుకే ప్రమాదం, ఆలస్యం చేయకూడదు. కందుకూరులో మా పెద్దనాన్న సరిగ్గా ఇవే చెప్తున్నారు. "గ్యాస్ లేమ్మా" అంటారు. మావాళ్లకి ఏ నొప్పైనా గ్యాసే! పొద్దున్నే బస్సెక్కి ఆయన్ని నేనే ఆసుపత్రికి తీసుకెళ్తున్నా.