ఊయల స్ప్రింగు, కందిపప్పు ప్యాకెట్లు

అక్క పురిటికి వచ్చి మూడు నెలలు దాటింది. ఇప్పుడు తిరుపతిలో మా ఇంట్లో పగలంతా ఊయల స్ప్రింగు కిర్రుమనే చప్పుడే. పొద్దున అమ్మ ఊయల కింద చెయ్యి పెట్టి చూసి, "కిందికి దిగినట్టుండాది, తెగిపోతాదేమోరా" అని ఒకటే టెన్షన్. అటక మీద నుంచి తీసిన పాత స్ప్రింగు అది, చిన్నప్పుడు నన్ను ఊపింది కూడా దాంతోనేనట.

విప్పడమే పెద్ద పని అయింది. స్లాబు కొక్కేనికి బిగించిన నట్టు తుప్పు పట్టి కదలదు. స్టూలెక్కి అరచెయ్యి ఎర్రబడేదాకా పానా తిప్పాను. నాయన ఏమీ మాట్లాడకుండా మోటారు దగ్గర పడున్న ఇనుప గొట్టం తెచ్చి పానా కాడకు తొడిగాడు. జానెడు కాడ మూడు జానలయింది. ఆ చివర పట్టుకుని లాగితే ఒక్కసారి 'టక్'మని వదిలింది. నా బలం అంతే ఉంది, పట్టుకున్న చోటే నట్టుకు మూడింతల దూరం జరిగింది, తిప్పే బలమూ మూడింతలయింది. "కాడకు అడ్డంగా లాగు, ఏటవాలుగా లాగితే సగం వృథా" అన్నాడు నాయన. ఇంటర్‌లో బలభ్రామకం సూత్రం బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాను గానీ, అది చేతికి తెలిసింది ఇవాళే.

పాత స్ప్రింగును వెలుతురులో చూస్తే, ఏ బరువూ లేకపోయినా చుట్టల మధ్య సందులు. హద్దు లోపల సాగిన స్ప్రింగు బరువు తీయగానే ముడుచుకుంటుంది, హద్దు దాటితే ఇక మొదటి పొడవుకు రాదు. పసిబిడ్డను దానికి అప్పజెప్పడానికి మనసొప్పక, గాంధీ రోడ్డుకు పోయి కొత్తది తెచ్చాను.

ఊయల కట్టే ముందు దానికో గుడ్డసంచి తగిలించి, కిలో కందిపప్పు ప్యాకెట్లు ఒక్కొక్కటే వేస్తూ టేపుతో కొలిచాను. మొదటి కిలోకు అర సెంటీమీటరు కూడా సాగలేదు, ఎందుకంటే కొత్త స్ప్రింగు చుట్టలు ఒకదాన్నొకటి నొక్కుకుని ఉంటాయి, ముందు ఆ బిగువు విడిపోవాలి. ఆ తర్వాత మాత్రం రెండో కిలోకు 2 సెంటీమీటర్లు, మూడోదానికి 2, నాలుగోదానికీ 2. ఎంత ముచ్చటేసిందో! ఇంగ్లండు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ ఈ సంగతిని 1676లో అక్షరాలు తారుమారు చేసి దాచిపెట్టి, 1678లో విప్పి చెప్పాడు, ఎంత సాగుడో అంత బలం అని. అంత అపురూపంగా దాచుకున్న మాట మా వంటింటి పప్పు ప్యాకెట్లతో తేలిపోయింది.

ఊయల కట్టి, ఖాళీగా ఉన్నప్పుడు అడుగు ఎక్కడుందో గోడ మీద గీత పెట్టాను. అక్క పాపను పడుకోబెట్టింది. సరిగ్గా 11 సెంటీమీటర్లు దిగింది, అంటే అయిదున్నర కిలోలు. మొన్న టీకాకు పోయినప్పుడు తూచింది 5 కిలోల 400 గ్రాములు. అక్క రెండుసార్లు టేపు పెట్టించి మరీ చూసింది.

రెండో గీత పక్కన తేదీ రాశాను. పాప నిద్రలో కాలు తన్నినప్పుడల్లా ఊయల ఆ గీత దగ్గరే పైకీ కిందికీ ఆడుతోంది.